లండను అగ్గిపెట్టెల కార్ఖానా బాలికల సమ్మె

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



సంధ్యవేళ దీపము వెలిగించునపుడు గాని, తెల్లవాఱుజామున పొయ్యి రాజేయునపుడు గాని అగ్గిపుల్ల గీయువారు దానిని గుఱించి ఆలోచింపరు. గీయగనే వెలుగును, పని తీఱినంతనే పాఱవేయబడును. ఒకప్పుడు పల్లెలలో పొరుగింటినుండి పిడకమీద నిప్పు తెచ్చుకొనుట వాడుక. రాత్రి నిప్పు ఆఱిపోకుండ నివురుగప్పి యుంచుట ఇల్లాలి విధులలో నొకటి. ఆ శ్రమనంతయు తప్పించిన యీ చిన్న పుల్ల యెవరి చేతులమీదుగా లోకమునకు వచ్చినది, ఆ చేతులకు ఏమి ముట్టినది, ఆ దేహములకు ఏమి అంటుకొన్నది అనునదియే నేటి ప్రసంగ విషయము.

ఈ కథలో వచ్చు పేర్లలో ఒకటి ఆంధ్రులకు చిరపరిచితము. అనీబిసెంటు అనగానే అడయారు, హోంరూలు ఉద్యమము, 1917 నాటి కలకత్తా కాంగ్రెసు అధ్యక్షపీఠము, 1915లో మదనపల్లెలో వెలసిన కళాశాల జ్ఞప్తికి వచ్చును. అయితే ఆమె భారతభూమిపై అడుగుపెట్టినది 1893లో. అంతకు ఐదేండ్లు ముందు, నలువది యేండ్ల వయస్సులో, ఆమె లండనునందు పేదల పక్షమున ‘ది లింక్’ అను అర్ధపెన్నీ వారపత్రికను నడపుచుండెను. అప్పటికి ఆమెకు దివ్యజ్ఞాన సమాజముతో సంబంధము లేదు. దైవము నందు నమ్మకమును లేదు. ఉపన్యాస వేదికలమీద పేరు మోసిన వక్త, సామ్యవాది. ఆమె జీవితములోని యీ యధ్యాయము తెలుగునాట అంతగా చెప్పుకొనబడలేదు. చెప్పుకొన్నచోట గూడ కథ తలక్రిందుగా చెప్పబడినది. ఆ తలక్రిందు ఏమో ముందుముందు తేలును.

లండను మహానగరమునకు తూర్పు భాగమున రేవులు, గిడ్డంగులు, ఇఱుకు సందులు ఉండెడివి. ఐర్లండునుండి కఱవునకు పాఱివచ్చిన కుటుంబములు అనేకము అక్కడనే తలదాచుకొన్నవి. ఆ ప్రాంతమున ‘బో’ అను పేటలో బ్రయంటు అండ్ మే అను కంపెనీవారి అగ్గిపెట్టెల కార్ఖానా 1861లో పని ప్రారంభించినది. దాని స్థాపకులు క్వేకరు మతశాఖవారు. నిరాడంబర జీవనమునకును, బానిస వ్యాపారమును ఎదిరించుటకును ఆ శాఖవారు పేరుపొందినవారు. 1884లో కార్ఖానా వాటాదారుల కంపెనీగా మాఱినది. వాటాదారులలో క్రైస్తవ మతాచార్యులును పలువు రుండిరి.

పని యెట్టిదనగా: సన్నని కొయ్యపుల్లలను చట్రములలో బిగించి, వాటి కొనలను భాస్వరము కలిపిన ముద్దలో ముంచి, ఆఱబెట్టి, కోసి, పెట్టెలలో నింపవలెను. ముంచుపని మగవారిది. కోయుట, నింపుట, కట్టలు కట్టుట బాలికలది, స్త్రీలది. పదునాలుగు పదునైదేండ్ల పిల్లలు మొదలు నడివయస్సు స్త్రీల వఱకు అందుండిరి. పెట్టెల నల్లుపని కార్ఖానాలో కాదు, పేదల యిండ్లలో సాగెడిది. తల్లియు పిల్లలును కూర్చుండి గ్రోసు పెట్టెలు, అనగా 144 పెట్టెలు చేసిన, రెండుంబావు పెన్నీలు ముట్టెడివి. జిగురు, దారము వారే కొనుక్కొనవలెను. పండ్రెండు పెన్నీలు ఒక షిల్లింగు. షిల్లింగనగా ఆనాటి మారకమున సుమారు పండ్రెండణాలు. ఈ లెక్క మనస్సున నుంచుకొన్నచో తక్కిన సంగతులు తేటపడును.

వేసవిలో ఉదయము ఆఱున్నర గంటలకు పని మొదలు, చలికాలమున ఎనిమిదింటికి. సాయంకాలము ఆఱింటి వఱకు సాగును. నడుమ ఫలహారమునకు అరగంట, భోజనమునకు గంట విరామము. తక్కిన కాలమంతయు నిలువుకాళ్లమీద పని. పదునాఱేండ్ల బాలిక యొకతె వారమునకు నాలుగు షిల్లింగులు సంపాదించుచు, అక్కతో కలిసి యున్న గదికి రెండు షిల్లింగులు అద్దె యిచ్చుచుండెను. మిగిలిన రెండు షిల్లింగులతో వారమంతయు ఆమె తిండి, బట్ట గడువవలెను. ఉదయమును మధ్యాహ్నమును రొట్టె, వెన్న, తేనీరు, అంతే. నెలకొకమా రొకచోట కాఫీయు, రొట్టెయు, పండ్లపాకమును కావలసినంత పెట్టుదురని ఆ పిల్ల కన్నులు మెఱయగా చెప్పినదని అనీబిసెంటు వ్రాసెను. ఆమె సేకరించిన అంకెలన్నిటికంటె ఈ చిన్న ముక్కయే చదువరి గుండెను ఎక్కువగా పట్టుకొనును.

ఆ నాలుగు షిల్లింగులైనను పూర్తిగా చేతికి వచ్చెడివి కావు. కాళ్లు మురికిగా నున్నచో మూడు పెన్నీలు జరిమానా. బల్లక్రింద చెత్త పడియున్న మూడు పెన్నీలు. పని జరుగుచుండగా అంటుకొని కాలిన పుల్లలను బల్లమీద ఉంచినచో ఏకముగా ఒక షిల్లింగు. ఆలస్యముగా వచ్చిన పిల్లను సగము దినము వెలుపలనే నిలిపి, ఆమె దినకూలి ఎనిమిది పెన్నీలలో ఐదు కోయుదురు. యంత్రములో వ్రేళ్లు నలుగబోవగా చప్పున చేయి లాగుకొని, తత్ఫలితముగా పట్టీ యంత్రమునకు చుట్టుకొనిపోయిన బాలికకు షిల్లింగు జరిమానా వేసి, వ్రేళ్ల సంగతి యటుంచి యంత్రము సంగతి చూచుకొమ్మని మందలించిరట. ఇన్ని కోతలకు నడుమ కంపెనీ ముందటి సంవత్సరము వాటాదారులకు పంచిన లాభము నూటికి ఇరువది మూడు. ఐదు పౌనుల వాటా అంతకు ముందొకప్పుడు పదునెనిమిది పౌనులకు పైగా పలికినది.

ఇంకొక సంగతి కలదు. గ్లాడ్‌స్టను ఉదారవాదులకు ఆరాధ్యుడైన ప్రధానమంత్రి. కార్ఖానా యజమానులలో ఒకరు 1882లో బో పేటలో ఆయనకు కంచు విగ్రహమును నిలిపెను. అందుకుగాను పనివారి కూలిలో తలకొక షిల్లింగు కోసిరనియు, ఆవిష్కరణ దినమున సగము రోజు కార్ఖానా మూసి ఆ కూలియు ఎగవేసిరనియు బాలికలు చెప్పిన మాటలను అనీబిసెంటు తన వ్యాసమున ప్రకటించెను. దేశనాయకునకు దాత విగ్రహము పెట్టించుట, దాని వెల అన్నము లేని పిల్లలు చెల్లించుట! ఆ విగ్రహము నేటికిని అచ్చట నిలిచియున్నది. దాని చేతులకు ఎవరో ఎఱ్ఱరంగు పూయుట కద్దు.

1888 జూన్ 15వ తేదీన ఫేబియను సంఘములో స్త్రీల కూలిని గుఱించి క్లెమెంటినా బ్లాకు అను విదుషి ప్రసంగించెను. ఆ సభలో ఈ కార్ఖానా లాభములకును కూలికిని గల అంతరము ప్రస్తావనకు వచ్చినది. ఆ కంపెనీ అగ్గిపెట్టెలు కొనకుండుటకు సభ్యులు తీర్మానించిరి. అనీబిసెంటు అంతటితో ఊఱకుండక, హెర్బర్టు బరోస్ అను మిత్రునితో కార్ఖానా ద్వారముకడకు పోయి, పని ముగించి వచ్చుచున్న బాలికలను పలుకరించి వివరములు సేకరించెను. జూన్ 23వ తేదీ సంచికలో ‘లండనులో శ్వేతదాస్యము’ అను శీర్షికతో వ్యాసము వెలువడినది. కంపెనీవారు పరువునష్టము దావా వేయుదుమని బెదిరించిరి. దావా మాత్రము ఎన్నడును వేయలేదు.

వారు ఎన్నుకొన్న మార్గము వేఱు. వ్యాసములోని మాటలు అబద్ధములనియు, తాము సుఖముగా నున్నామనియు ఒక పత్రము వ్రాయించి దానిపై సంతకములు చేయుమని బాలికల ముందుంచిరి. ఇచ్చటనే కథ మలుపు తిరిగినది. నాలుగు షిల్లింగుల కూలిపై బ్రదుకు ఆ పిల్లలు, సంతకము చేయనిచో ఏమగునో ఎఱిగియు, చేయలేదు. తమకొఱకు నోరు విప్పిన మనిషిని అబద్ధములాడినదని తమ చేవ్రాలుతో చెప్పుట వారికి సమ్మతము కాలేదు. కొలది దినములలో ఒక బాలికను పనినుండి తొలగించిరి. అంతట జూలై మొదటి వారమున ఒక విభాగమువారు చేతిలోని పని దింపి వెలుపలికి నడచిరి. వారిని చూచి మఱియొక విభాగము, దానిని చూచి ఇంకొకటి. సుమారు 1,400 మంది వీధిలో నిలిచిరి. కార్ఖానా మూతపడినది.

వారికి సంఘము లేదు. నిధి లేదు. ఒక్క వారము కూలి లేకున్న అద్దె చెల్లింపలేని కుటుంబములు. అట్టి స్థితిలో వారు చేసిన మొదటి పని తమలోనుండి ప్రతినిధుల నెన్నుకొనుట. జూలై 6వ తేదీన రెండువందల మంది కాలినడకను నగరమధ్యమునకు పోయి ‘లింక్’ కార్యాలయముండు వీధిలో నిలువగా, లోపల వ్రాసికొనుచున్న అనీబిసెంటు విభ్రాంతి చెందినది. ఆమె కోరినది వినియోగదారులు ఆ సరకును బహిష్కరింపవలెనని. సమ్మె చేయుమని ఆమె ఎన్నడును చెప్పలేదు. పస్తులుండు పిల్లలు పెద్ద కంపెనీతో ఎన్నిదినములు నిలువగలరని ఆమె భయపడినది. భయమును దాచుకొని పనిలోనికి దిగినది.

కావున ‘అనీబిసెంటు జరిపించిన సమ్మె’ అని పుస్తకములలో కానవచ్చు మాట సరికాదు. లూయీ రా అను చరిత్రకారిణి 2009లో వెలువరించిన గ్రంథమున ఈ విషయమును చక్కగా నిరూపించెను. ఐరిషు కుటుంబముల పొందిక, ఒకే వీధులలో నివాసము, రేవు కూలీలతో చుట్టఱికము, ఇవి వారిని ముందునుండియే కట్టివేసినవి. ఆ పేటకు పోరాటము క్రొత్తయు కాదు. 1871లో ప్రభుత్వము అగ్గిపెట్టెలపై పన్ను వేయబోగా, అగ్గిపెట్టెల పనివారు వేలకొలది పార్లమెంటు వైపు ఊరేగింపుగా నడచిరి, పన్ను రద్దయినది. అప్పుడు యజమానులకును ఆ పన్ను కిట్టలేదు గనుక ఆ ఊరేగింపు ఎవరికిని తప్పుగా తోచలేదు. పదునేడేండ్ల తరువాత అదే పేటవారు తమ కూలికై నడచినపుడు మాత్రము బయటివారు రెచ్చగొట్టిరని పత్రికలు వ్రాసినవి. అనీబిసెంటు గొప్పతనము దీనివలన తగ్గదు. ఆమె వారికి లేనివి సమకూర్చినది: పత్రిక, చందాలు, పెద్దల పరిచయము, లెక్కలు వ్రాయు ఓపిక.

ఆ లెక్కల సంగతియే ముఖ్యము. చందాలు షిల్లింగులుగా, పెన్నీలుగా నలుదెసలనుండి వచ్చినవి. వాటిని పంచుటకు ప్రతి సమ్మెదారు పేరును, ఇంటి చిరునామాను ఒక పట్టికలో వ్రాసికొనిరి. పంపకములో వివాదము పుట్టినచో సమ్మె ఆనాడే చెదరెడిది. చెదరలేదు. యాభైమందికి పైగా బాలికలు, స్త్రీలు పార్లమెంటు భవనమునకు పోయి సభ్యులను కలసికొనిరి. తమ కూలిని, జరిమానాలను వారి నోటనే చెప్పిరి. పలుచబడిన జుట్టును ఒక బాలిక చూపినదని ఆనాటి వృత్తాంతములు తెలుపుచున్నవి. పెట్టెలు నింపిన చెక్కలను నెత్తిమీద మోయుట వలన అట్లగుచుండెను. చార్లెసు బ్రాడ్లా ఈ విషయమును సభలో లేవనెత్తెను. గ్లాస్గోనుండి వేఱు పిల్లలను రప్పింతుమనియు, కార్ఖానానే నార్వేకు తరలింతుమనియు కంపెనీ బెదిరించినది. పేటలో సేవ చేయుచున్న టాయిన్‌బీ హాలు విద్యావంతులు స్వయముగా విచారణ జరిపి, బాలికల ఫిర్యాదులు చాలవఱకు నిజములేయని పత్రికలలో ప్రకటించిన పిమ్మట కంపెనీ గొంతు తగ్గినది.

లండను కార్మిక సంఘముల సమితి మధ్యవర్తిగా నిలువగా జూలై 17 నాటికి ఒడంబడిక కుదిరినది. జరిమానాలన్నియు రద్దు. రంగులకు, కుంచెలకు, పరికరములకు కూలినుండి కోయుట రద్దు. ఫిర్యాదులను మేస్త్రీలద్వారా కాక నేరుగా యజమానులకు చెప్పుకొను హక్కు. సమ్మెలో పాల్గొన్నవారిని తొలగింపరాదు. భోజనమునకు పని గదులలో కాక ప్రత్యేకముగా ఒక స్థలము. సంఘము పెట్టుకొను స్వాతంత్ర్యము. రెండు వారములలో ఇంత సాధింపబడినది.

జూలై 27న సంఘము ఏర్పడెను. అనీబిసెంటు దాని మొదటి కార్యదర్శి. అక్టోబరు నాటికి 666 మంది సభ్యులు. పిమ్మట మగవారిని గూడ చేర్చుకొని పేరు మార్చుకొనిరి. ఆ సంవత్సరమే లండనులో జరిగిన అంతర్జాతీయ కార్మిక మహాసభకు కార్ఖానాలోని సారా చాప్మను అను యువతి ప్రతినిధిగా వెళ్లెను. సమ్మె సమితిలో ముందు నిలిచిన వారిలో ఆమె ఒకతె. అప్పటికి ఆమె వయస్సు ఇరువదియైదు ఇరువదియాఱు ఏండ్లు. మఱుసటి యేడు, 1889లో, లండను రేవు కూలీలు గంటకు ఆఱు పెన్నీలు కావలెనని సమ్మె కట్టి గెలిచిరి. ఆ రేవు కూలీల యిండ్లలోనే ఈ బాలికలు కూతుండ్రుగను, చెల్లెండ్రుగను ఉండిరి. నైపుణ్యము లేని కూలీలకు సంఘములు నిలువవని అంతవఱకు అనుకొన్న పెద్దలు మాట మార్చుకొనవలసి వచ్చినది.

ఇంతటితో కథ ముగించినచో వినువారికి సంతోషమే. కాని ఒడంబడికలోని ఒక షరతును మరల చూడవలెను. భోజనమునకు వేఱు స్థలము. ఏల?

ఆనాటి చవుక అగ్గిపుల్లల కొనకు పూసినది తెల్ల భాస్వరము. అది విషము. దాని ఆవిరి గదులలో నిండియుండెడిది. చేతులకు, దుస్తులకు అంటెడిది. పనిబల్లయొద్దనే తిను రొట్టెతో కడుపులోనికి పోయెడిది. చీకటిలో తమ దుస్తులు మెఱయుచుండెనని పనివారు చెప్పుకొనెడివారు. ఏండ్ల తరబడి ఆ గాలి పీల్చినవారిలో కొందఱకు ముందు పంటినొప్పి వచ్చును. పిప్పిపంటి దారిన విషము ఎముకకు చేరగా దవడ వాచి, చీము పట్టి, ఎముక చచ్చును. దుర్గంధము వలన దగ్గఱ కూర్చుండు వారుండరు. దవడ ఎముకను కోసి తీసివేయుటయే చికిత్స. అప్పటికిని కొందఱు మరణించిరి. పిల్లలు భయపడినది జరిమానాలకంటె దీనికే యన్నను తప్పులేదు. అయినను కూలి గుఱించి ఒడంబడిక కుదిరినంత సులువుగా ప్రాణము గుఱించి కుదురలేదు. వారికి దొరికినది విషములేని పని కాదు, విషమునకు కొంచెము దూరముగా అన్నము తిను గది.

విరుగుడు లేదా యనిన, కలదు. 1845లోనే వియన్నా నగరమున ష్రోట్టరు అను రసాయన శాస్త్రజ్ఞుడు ఎఱ్ఱ భాస్వరమును కనుగొనెను. అది అంత విషము కాదు. స్వీడనులో దానిని పెట్టె ప్రక్కకు పూసి, ఆ ప్రక్కమీద గీసినపుడే వెలుగు పుల్లలను తయారుచేసిరి. నేడు ఇంటింట వాడునవి ఆ జాతివే. వాటిని బ్రిటనులో తయారుచేయు హక్కును 1855లోనే కొన్నది ఈ బ్రయంటు అండ్ మే కంపెనీయే! ఒకే యజమాని క్షేమమైన పుల్లలును చేసెను, విషపు పుల్లలును చేసెను. ఎక్కడ గీసినను వెలుగునది, చవుకయైనది కావలెనని కొనువారు కోరిరి. కోరినది అమ్మితిమని కంపెనీ చెప్పెను. ఈ సమాధానములో సగము నిజము కలదు. 1891లో ముక్తిఫౌజువారు ఎఱ్ఱ భాస్వరముతో సొంత కార్ఖానా పెట్టి, పనివారికి హెచ్చు కూలి యిచ్చి, ఆ పెట్టెలు కొనుడని దేశమునెల్ల వేడిరి. వెల కొంచె మెక్కువ. కొన్నాళ్లు కొనిరి, పిమ్మట మానిరి. 1901లో ఆ కార్ఖానా మూతపడెను. దయగల మాటలు చెప్పుట సులభమే గాని, అంగడియొద్ద కాసు వ్యత్యాసము కనబడినపుడు చేయి చవుక పెట్టెవైపే పోవును.

సమ్మె జరిగిన పదేండ్లకు, 1898లో, అదే కంపెనీ తన కార్ఖానాలో వచ్చిన దవడ రోగములను అధికారులకు తెలుపక దాచినట్లు తేలినది. పదునేడుగురు రోగులు, వారిలో ఆఱుగురు మరణించినవారు. న్యాయస్థానము విధించిన జరిమానా ఇరువదియైదు పౌనుల పైచిలుకు. కాలిన పుల్ల బల్లమీద ఉంచిన బాలికకు వారపు కూలిలో నాలుగవ పాలు జరిమానాగా పోయినది; ఆఱు మరణములను దాచిన కంపెనీకి పోయినది ఆ పాటి సొమ్ము. అదే సంవత్సరము ఫ్రాన్సులో ఇద్దఱు శాస్త్రజ్ఞులు విషములేకయే ఎక్కడ గీసినను వెలుగు క్రొత్త మందును సిద్ధపఱచిరి. ఇక సాకు మిగులలేదు. 1901 నాటికి కంపెనీ తెల్ల భాస్వరమును విడిచినది. 1906లో స్విట్జర్లండునందలి బెర్ను నగరమున పలు దేశములు దానిని నిషేధించుటకు ఒప్పందము చేసికొనినవి. బ్రిటను 1908లో శాసనము చేసి 1910 నుండి అమలుపఱచెను. ఎఱ్ఱ భాస్వరము కనుగొనబడిన 65 ఏండ్లకు! ఫిన్లండు అను చిన్నదేశము ఆ పనిని 1872లోనే చేసియుండెను.

భారతదేశమున తెల్ల భాస్వరపు అగ్గిపుల్లలను నిషేధించు చట్టము 1913లో వచ్చినది. ఇచ్చటి పల్లెలలో ఆ చట్టమును గుఱించి విన్నవారు అరుదు. చట్టము వచ్చినది గాని, అగ్గిపుల్లకును పసిచేతులకును గల బంధము తెగలేదు. 1923లో శివకాశిలో నాడారు యువకులిద్దఱు కలకత్తాలో నేర్చివచ్చిన విద్యతో అగ్గిపెట్టెల పరిశ్రమకు పునాది వేసిరి. వానలేని నల్లరేగడి సీమకు అది అన్నము పెట్టినదనుట నిజము. పుల్లలను చట్రములలో అమర్చుటకు, పెట్టెలు నింపుటకు, లేబుళ్లు అంటించుటకు వేలకొలది పిల్లలను, అందును ఆడపిల్లలను, తెల్లవాఱక మునుపే బస్సులలో తీసికొనిపోవుచుండిరనుటయు నిజమే. లండనులో పదునాఱేండ్ల పిల్ల నిలిచిన చోట ఇచ్చట పదేండ్ల పిల్ల కూర్చుండెను. 1986 నాటి బాలకార్మిక చట్టము అగ్గిపెట్టెల తయారీని పిల్లలకు నిషిద్ధమైన పనులలో చేర్చినది. శివకాశి పిల్లల విషయమున వేయబడిన వ్యాజ్యముపై 1996లో సుప్రీము కోర్టు తీర్పు చెప్పుచు, పనిలో పెట్టుకొన్న ప్రతి బిడ్డకును యజమాని 20,000 రూపాయలు నిధికి చెల్లింపవలెనని ఆదేశించెను. 2016 సవరణతో పదునాలుగేండ్ల లోపు పిల్లలకు ఇంటి పనులలో సాయము వంటి కొలది మినహాయింపులతో అన్ని పనులును, పదునెనిమిది లోపువారికి ప్రమాదకరమైన పనులును నిషేధింపబడినవి.

మదరాసు సంగతి ఒకటి చెప్పవలసి యున్నది. 1918 ఏప్రిలు 27న బకింగ్‌హాము, కర్ణాటక మిల్లుల పనివారికై మదరాసు లేబరు యూనియను స్థాపింపబడెను. దేశమునందు క్రమబద్ధముగా ఏర్పడిన తొలి కార్మిక సంఘముగా దానిని లెక్కింతురు. దాని అధ్యక్షుడు బి. పి. వాడియా, అనీబిసెంటునకు దివ్యజ్ఞాన సమాజమునను, పత్రికయందును సహచరుడు, 1917లో ఆమెతోపాటు నిర్బంధింపబడినవాడు. అయితే ఇచ్చటను బో పేటలో జరిగినట్లే జరిగినది. పనివారి పాట్లు చూచి ముందు కదలినవారు సెల్వపతి సెట్టి, రామానుజులు నాయుడు అను ఆ పేట వర్తకులు. వారే పోయి వాడియాను పిలుచుకొని వచ్చిరి. పనివారి తొలి మొఱలలో ఒకటి మధ్యాహ్నము అన్నము తినుటకు ఇచ్చు వ్యవధి చాలదనుట. లండను బాలికలు అన్నము తినుటకు చోటు అడిగిరి. మదరాసు కూలీలు అన్నము తినుటకు వేళ అడిగిరి.

బో కార్ఖానా 1979లో మూతపడెను. ఆ యెఱ్ఱ యిటుకల భవనము ఇప్పుడు సంపన్నుల నివాసగృహము. సారా చాప్మను పెండ్లాడి, బిడ్డలను పెంచి, 1945లో మరణించెను. పేరు చెక్కిన రాయియైనను లేక పేదల సమాధులలో ఆమెను పూడ్చిరి. ఆమె వంశములోనివారు ఇటీవల ఆ చోటు వెదకి కనుగొనిరి. 2022లో ఆ పాత కార్ఖానా గోడకు సమ్మె జ్ఞాపకార్థము ఒక నీలి ఫలకము అమర్పబడినది.

సమ్మెదారులకు చందా సొమ్ము పంచుటకై వ్రాసిన ఆ పట్టిక మాత్రము నశింపలేదు. లండనులో కార్మిక సంఘముల గ్రంథాలయమున అది నేటికిని భద్రముగా నున్నది. ఎవరే వీధినుండి వచ్చిరో, ఎవరికి ఎంత ముట్టినదో అందు చదువవచ్చును. ఇతర గ్రంథములలో ఎచ్చటను కానరాని వందలకొలది బాలికల పేర్లు ఆ పుటలలో వరుసగా వ్రాయబడి యున్నవి.